పన్నెండేళ్లుగా వింటున్న ‘లైట్ యాజ్ ఎ రాక్’

జెర్సీ సిటీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక పాత రికార్డుల కొట్లో రాపర్ ఎంసీ లైట్ చేసిన ఈ ఎల్పీ, అంటే సూది పెట్టి వినే పెద్ద రికార్డు, కొన్నాను. ధర తక్కువ, అట్ట మూలలు నలిగిపోయాయి, ఒకచోట సూది చిటపటమంటుంది. పన్నెండేళ్లయింది. ఇంకా తీసి పెడుతూనే ఉన్నాను.

ఎంసీ లైట్ అసలు పేరు లానా మూరర్, ఊరు బ్రూక్లిన్. 1988 సెప్టెంబరులో ఈ రికార్డు వచ్చేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. అప్పటికే రాక్సాన్ శాంటే అనే ఇంకో అమ్మాయి రాపర్ సింగిల్స్‌తో, అంటే విడి పాటల రికార్డులతో, దుమ్ము లేపింది. సాల్ట్-ఎన్-పెపా 1986లోనే ఆల్బమ్ తెచ్చారు, కానీ అది అమ్మాయిల బృందం. ఒక్క అమ్మాయి తన పేరు మీద తెచ్చిన మొదటి పూర్తి రాప్ ఆల్బమ్ ఇదేనని చెబుతారు. కొన్న రోజున నాకు ఇదేమీ తెలియదు.

నన్ను పట్టేసింది ఆ గొంతు. కాస్త బొంగురు, బరువు. ఎక్కడా అరవదు, తొందరపడదు. ‘పేపర్ థిన్’లో అబద్ధాలాడే ప్రియుడికి నీ మాటలు కాగితమంత పల్చన అని చెబుతుంది. కోపం ఉంది కానీ ఏడుపు లేదు. పొద్దున రైల్లో ఎన్నిసార్లు విన్నానో! తర్వాతెప్పుడో వీడియో చూస్తే అదీ న్యూయార్క్ సబ్‌వే రైల్లోనే తీశారు.

‘ఐ క్రామ్ టు అండర్‌స్టాండ్ యూ’ మాత్రం చాలా నెలలు తప్పుగా అర్థం చేసుకున్నాను. పరీక్షకు బట్టీ పట్టినట్టు నిన్ను అర్థం చేసుకోవాలని తంటాలు పడుతున్నా అంటుంది, శామ్ అనే కుర్రాడితో. వాడికి ఇంకో అమ్మాయి ఉందని అనుమానం. మామూలు సవతి గొడవే అనుకున్నాను. ఒకరోజు పని మానేసి మాటమాటా విన్నాను. ఆ సవతి మనిషి కాదు, క్రాక్ కొకెయిన్! ఆ మత్తు న్యూయార్క్ పేటల్ని తినేస్తున్న రోజులవి. ఒక్క నీతివాక్యం లేకుండా చెప్పింది.

‘10% డిస్’ ఆంట్వనెట్ అనే ఇంకో రాపర్ మీద తిట్ల దండకం. ఆడియో టూ అనే రాప్ జోడీ పాట ‘టాప్ బిల్లిన్’ బీట్‌ను ఆంట్వనెట్ పాటలో కాపీ కొట్టారన్నది తగువు. ఆ ఆడియో టూ కుర్రాళ్లే ఈ ఆల్బమ్‌లోనూ బీట్లు కట్టారు కాబట్టి ఇది ఇంటి గొడవ కింద లెక్క. మొదట్లో పడీ పడీ నవ్వాను. ఇప్పుడు కుళాయి దగ్గర బిందెల కొట్లాటలాగా అనిపించి ఒక్కోసారి సూది ఎత్తి ముందుకు జరుపుతాను.

లోపాలు లేవా? ఉన్నాయి. డ్రమ్ మెషీన్ చప్పుడు, పాత పాటల్లోంచి కోసిన రెండు ముక్కల శాంపిల్, అంతే చాలాచోట్ల. ఇప్పటి బీట్లకు అలవాటుపడ్డవాళ్లకు ఖాళీగా వినిపిస్తుంది. నాకైతే ఆ ఖాళీ వల్లే ఆమె మాట స్పష్టంగా తగులుతుంది. ప్రిన్స్ పాల్ అనే నిర్మాత బీటు కట్టిన ‘ఎంసీ లైట్ లైక్స్ స్వింగిన్’లో కాస్త అల్లరి ఉంది. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, బేస్ అంతా ఎగిరిపోతుంది.

మొన్న మా అక్క కూతురు శామ్ పాట సగంలో లేచి వెళ్లిపోతూ, “ఇంతకీ ఆ ఇంకో అమ్మాయి ఎవరు మావయ్యా?” అంది. కూర్చోమన్నాను.