కుక్కలకు బిగుతు చొక్కా: బరంపురంలో కొన్నేళ్ల వాడకం తర్వాత

టపాసుల చప్పుడుకు వణికే కుక్కల కోసం అమ్మే వెల్క్రో చొక్కాకు ఐదు స్టార్లలో మూడు ఇస్తాను. అదీ దీపావళికి మాత్రమే. చైత్రంలో, మా ఊరి అమ్మవారి పండగైన ఠాకురాణి జాతర రోజుల్లో వాడతామంటే ఒక్క స్టారే.

ఛాతీని, నడుమును గట్టిగా పట్టి ఉంచితే కుక్క కుదుటపడుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. మూలకు చేరి వణికే కుక్కకు కొంత మేలు చేస్తుంది: వణుకు తగ్గుతుంది, ఒకచోట పడుకుంటుంది. తలుపులు గీరి, గ్రిల్లు కొరికి పారిపోవాలని చూసే రకానికి ఇది చాలదు. ఇంకో తిరకాసుంది. తొడగ్గానే కొయ్యబారి నిలబడిపోయే కుక్కలుంటాయి. ఎంత బుద్ధిగా ఉందో చూడమని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. అది బిగుసుకుపోవడం, అంతే. తేల్చుకోవాలంటే ఉడికించిన కోడి కార్జం ముక్క మూతి దగ్గర పెట్టండి. మామూలుగా తీసుకుని నమిలితే చొక్కా పనిచేస్తున్నట్టు. మామూలప్పుడు కార్జానికి ఎగబడే కుక్క ఇప్పుడు మొహం తిప్పుకుంటే లోపల భయం తగ్గలేదన్నమాట.

కొలత దగ్గరే సగం మంది పొరబడతారు. ముందుకాళ్ల వెనక, ఛాతీ బాగా వెడల్పున్న చోట టేపు చుట్టి కొలవాలి. మన వీధి జాతి కుక్కలకు ఛాతీ లోతు, నడుము సన్నం. బరువును బట్టి ఇచ్చే సైజుల పట్టిక చూసి కొంటే ఛాతీ దగ్గర సరిపోయి పొట్ట దగ్గర వేలాడుతుంది. వేలాడేది ఉత్త గుడ్డే. రెండు వేళ్లు కష్టం లేకుండా దూరేంత బిగువు చాలు. గంటకోసారి విప్పి ముందుకాళ్ల చంకల్లో ఒరుసుకుందేమో చూడండి.

పండగ రోజు మొదటిసారి తొడిగితే డబ్బు దండగే, పైగా నష్టం కూడా. చొక్కా వచ్చిందంటే బాంబులు వస్తాయని కుక్క నేర్చుకుంటుంది. కనీసం వారం రోజుల ముందు నుంచి పూటకు ఐదు, పది నిమిషాలు తొడిగి, ఆ కాసేపూ ఇష్టమైన తిండి పెట్టి, తీసేయాలి. వెల్క్రో లాగినప్పుడు వచ్చే 'చర్ర్' చప్పుడు కూడా కొన్నింటికి పడదు. దాన్ని దూరంగా లాగి వినిపిస్తూ ముక్క పెడుతూ విడిగా అలవాటు చేయాలి.

కొనే ముందు నాలుగంగుళాల వెడల్పున్న క్రేప్ బ్యాండేజీతో ప్రయత్నించండి, మందుల షాపులో చవగ్గా దొరుకుతుంది. మధ్యభాగం ఛాతీకి ముందు ఆనించి, రెండు కొసలూ భుజాల మీద అడ్డంగా దాటించి, ముందుకాళ్ల వెనక నుంచి పొట్ట కిందికి తెచ్చి, అక్కడ మళ్లీ దాటించి పైకి తీయాలి. ముడి వెన్నెముక మీద పడకూడదు, ఓ పక్కకు రావాలి. దీనితో కొంచెమైనా నెమ్మదిస్తేనే చొక్కాకు ఖర్చు పెట్టండి.

ఇక వేడి సంగతి. కుక్కకు చల్లబడే దారి ముఖ్యంగా రొప్పడమే. భయానికే రొప్పుతున్న కుక్కను గోపాల్‌పూర్ తీరపు ఉక్కలో బిగుతు గుడ్డలో చుడితే ఒళ్లు కాగిపోతుంది. సాధారణ ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 సెల్సియస్. చిగుళ్లు ముదురు ఎరుపైనా, చొంగ చిక్కబడినా వెంటనే విప్పి, ఫ్యాను కింద పడుకోబెట్టి, ఒళ్లు నీళ్లతో తడిపి, డాక్టరుకు ఫోన్ చేయాలి. జాతర రోజుల్లోనూ, వేసవి పెళ్లి ఊరేగింపుల్లోనూ చొక్కా జోలికి పోకండి.

చొక్కా కన్నా గదే ఎక్కువ పని చేస్తుంది. పాత బరంపురం వరస ఇళ్లలో నడిమిల్లు ఇందుకు మంచి చోటు, వీధి గోడకు దూరం. కిటికీలు మూసి, మంచం కింద పాత దుప్పటి పరిచి, కూలరో టేబుల్ ఫ్యానో జోరుగా తిప్పాలి. లక్ష్మీ బాంబు 'ధన్' చప్పుడులోని లోతైన ధ్వని గోడల్ని దాటుతుంది, దాన్ని కప్పిపుచ్చేది ఇలాంటి ఏకధాటి రొదే. కరెంటు పోతే రొద ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టరుకు కలపండి. గది తలుపు పూర్తిగా బిగించొద్దు, చోటు మార్చుకోవాలనిపిస్తే మార్చుకోనివ్వండి. ప్రతి పేలుడు తర్వాతా వెంటనే ఒక ముక్క. ఊరడిస్తే భయం ముదురుతుందనే పెద్దల మాట నిజం కాదు.

సమయం లెక్క మన వైపు వేరు. సుప్రీంకోర్టు 2018లో దీపావళి టపాసులకు రాత్రి 8 నుంచి 10 దాకా అని గడువు పెట్టింది. కాగితం మీద బాగానే ఉంది. ఇక్కడ మాత్రం ఒడియా ఇళ్ల ముందు సందెవేళ జనుపకట్టెలు వెలిగించి పితరులను పిలిచే బొడొబొడువా డాకొతోనే చప్పుళ్లు మొదలు. ఆ రోజుల్లో పొద్దు ఐదున్నర లోపే గూకుతుంది. కాబట్టి షికారు నాలుగింటికల్లా ముగియాలి. ట్రాజోడోన్, గాబాపెంటిన్ లాంటి భయం తగ్గించే మందులు డాక్టరు రాసి ఉంటే చప్పుడుకు సుమారు రెండు గంటల ముందు, అంటే మూడూ మూడున్నర మధ్య పడాలి. బెదిరిపోయాక వేస్తే పట్టదు. అదే మోతాదు పండగకు ముందు ఏదో మామూలు రోజున డాక్టరుకు చెప్పి ఇచ్చి చూడండి. కొన్ని కుక్కలు నిద్రపోవడానికి బదులు గంతులేస్తాయి. ఏసీప్రొమజైన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు, భయం మాత్రం అలాగే ఉంటుంది. మనుషుల నిద్రమాత్రలు సొంతంగా ఇవ్వడం ఘోరం. ప్రభుత్వ పశువైద్య ఆసుపత్రి సాయంత్రానికి మూసేస్తారు కాబట్టి ఈ పనులు పది రోజుల ముందే తెముల్చుకోవాలి.

చొక్కా తొడిగి ఉన్నా వీధి తలుపుకు గొళ్లెం పెట్టండి. దీపాలు పెట్టడానికి, మిఠాయి పంచడానికి తలుపు తెరిచిన ఆ క్షణంలోనే కుక్కలు తప్పిపోతాయి. ఫోన్ నంబరు రాసిన మెడపట్టీ చొక్కా కింద దాగకుండా పైకి ఉంచాలి. మర్నాడు పొద్దున షికారుకు ముందు వాకిలి ఊడ్చండి. చిచ్చుబుడ్డి, కాకరపువ్వొత్తుల మిగుళ్లలో బేరియం లవణాలు ఉండొచ్చు. నాకితే వాంతులు, కండరాల నీరసం వస్తాయి.

మన్నిక బాగానే ఉంది, వెల్క్రో తప్ప. అందులో వెంట్రుకలు ఇరుక్కుని పట్టు పోతుంది. పాత టూత్ బ్రష్‌తో గీకి, ఉతికేటప్పుడు పట్టీలు మూసి, చల్లనీళ్లలో చేత్తో ఉతికి, నీడన ఆరేస్తే ఏళ్లు వస్తుంది.