25 ఏళ్లు నిలవుండే బకెట్‌కి 2 స్టార్లు, దాంతో ఫ్రీగా వచ్చిన రేడియోకి 4

ఆపదలో తినడానికి ఎండు తిండి ప్యాకెట్లు దాచుకునే ఈ ఎమర్జెన్సీ ఫుడ్ బకెట్ కొన్నది 2020 మార్చి రెండో వారంలో. మూత తీసింది 2021 ఫిబ్రవరి 15న. కొన్నది కరోనాకి, తిన్నది మంచు తుఫానులో. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, ఏది కొనబోతున్నా ఇది పనికొస్తుంది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న అర్వింగ్‌లో. అప్పట్లో నా ఆఫీసు ఫోర్ట్‌వర్త్‌లో ఉండేది. దారంతా ఏఎం టాక్ రేడియో వినేవాణ్ణి. ఆ హోస్ట్ గొంతు భలే ఉంటుంది, పెళ్లిలో పేకాట దగ్గర పక్కన చేరిన బాబాయి కబుర్లు చెప్పినట్టు. గంటంతా ఆయన చెప్పిందేమిటంటే, ఈ వైరస్ ఉత్త జలుబు, గవర్నమెంటు మనల్ని కావాలని బెదరగొడుతోంది. బ్రేక్ రాగానే ప్రకటన కూడా అదే గొంతుతో ఆయనే చదివేవాడు. రేపు షాపుల్లో ఏమీ దొరకదు, ఎవరూ ఆదుకోరు, మీ ఇంటికి మీరే దిక్కు, ఇదిగో ప్రోమో కోడ్. ఉత్త జలుబుకి నెల రోజుల తిండి ఎందుకయ్యా అని నాకు తట్టనేలేదు. 180 డాలర్లు, కోడ్ కొడితే 162. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే ఆర్డర్ పెట్టేశాను.

మరీ అంత తిక్కపని కూడా కాదు లెండి. ఫిబ్రవరి 29న అమెరికా ప్రభుత్వ పెద్ద డాక్టరు, సర్జన్ జనరల్, ట్విట్టర్‌లో మాస్కులు కొనడం ఆపండని గదిమాడు. నేను బకెట్ కొన్నాక, ఏప్రిల్ 3కల్లా, అంటురోగాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ అందరూ ముఖానికి గుడ్డ కట్టుకోండంది. ఆ సీడీసీ పంపిన మొదటి టెస్ట్ కిట్లే సరిగ్గా పనిచేయలేదు. 2014లో ఎబోలా సోకిన మనిషిని మా డాలస్‌లోనే ఎమర్జెన్సీ నుంచి ఇంటికి పంపేసి, మూడు రోజులకి మళ్లీ చేర్చుకున్నారు. తర్వాత ఇద్దరు నర్సులకి అంటుకుంది. ఇలాంటివి చూసినవాడికి రేడియో బాబాయి మాట ఎక్కదా మరి? పైగా అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. బకెట్ కొన్న కొద్ది రోజులకే, మార్చి 22న ఇండియా విమానాలు ఆపేసింది. తెనాలి నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు ఇంకా మూడు వారాలకే ఉన్నాయి. నాకు తట్టింది బకెట్ ఒక్కటే. మాత్రలకి డాక్టర్‌ని పట్టుకోవాలని మా ఆవిడకి తట్టింది.

అదే స్టేషన్‌లో వెండి నీళ్ల (వెండి రేణువులు కలిపిన నీళ్ల) ప్రకటన కూడా వచ్చేది. అది కొనలేదు, అంతవరకు బుద్ధి ఉంది. ఇలాంటివి కరోనాకి మందులని అమ్ముతున్నారని ఆ మార్చిలోనే మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ, వ్యాపార మోసాలు చూసే ఎఫ్‌టీసీ కలిసి ఏడు కంపెనీలకి హెచ్చరిక లేఖలు పంపాయి. అదే పనిగా తాగితే ఒళ్లు నీలం రంగుకి తిరుగుతుందట, మళ్లీ మామూలు రంగు రాదట.

బకెట్ సంగతికొస్తే, మూత మీద "120 సర్వింగ్స్, 30 రోజులు" అని ఉంది. లోపల లెక్కపెడితే అందులో 24 సర్వింగ్స్ ఆరెంజ్ డ్రింక్ పొడి. అచ్చం మన చిన్నప్పటి రస్నా. మరో 16 పాలపొడి. అంటే గ్లాసుడు రస్నా తాగితే ఒక పూట భోజనం అయిపోయినట్టే లెక్క! ఒక్కో సర్వింగ్ 200 క్యాలరీల చొప్పున మొత్తం 24,000. నెలకి పంచితే రోజుకి 800. కడుపునిండా తినే మనిషికి పన్నెండు రోజులు కూడా కష్టమే. ఆలుగడ్డ సూప్‌లో ఉప్పు ఎంతంటే, ప్యాకెట్ వెనక చదివి అమ్మ దాన్ని దూరంగా నెట్టేసింది.

ఇక తుఫాను. 15వ తేదీ తెల్లవారుజామున రెండింటికి కరెంటు పోయింది. వంతులవారీగా తీస్తామన్నారు, మాకు మాత్రం 31 గంటలు రానేలేదు. 16న పొద్దున బయట మైనస్ 19 సెల్సియస్. మా ఇంట్లో పొయ్యితో సహా అన్నీ కరెంటువే. కరెంటు పోయిన రోజే తీశాను బకెట్, యుద్ధానికి వెళ్తున్నవాడిలా. మొదటి ప్యాకెట్ మీద ఏముంది? "ఆరు కప్పుల నీళ్లు మరిగించండి. పొడి వేసి పదిహేను నిమిషాలు మూత పెట్టండి."

దేంతో మరిగించాలి?

చన్నీళ్లలో గంట నానబెట్టి చూశాను. గోడకి వేసే సున్నంలా తయారైంది, మధ్యలో ఆలుగడ్డ ముక్కలు పంటి కింద రాళ్లలా. చివరికి పక్కింటి మెక్సికన్ పెద్దాయన తన క్యాంపింగ్ స్టవ్ బయట ప్యాటియోలో వెలిగించి ఒక గిన్నెడు నీళ్లు కాచిచ్చాడు. వేణ్ణీళ్లు పోస్తే సూప్ బాగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఆ రెండు రోజులూ మేము తిన్నది ఎక్కువగా అటుకులే. పెరుగులో నానేసి, ఆవకాయ నంజుకుని. మా అమ్మాయి మాత్రం ఆరెంజ్ డ్రింక్ ఒక్క చుక్క మిగల్చలేదు.

ఇప్పుడు రేడియో. హ్యాండిల్ తిప్పితే పనిచేసేది, అరచేతిలో పడుతుంది, ముందు చిన్న టార్చి. బొమ్మ అనుకుని డబ్బా కూడా విప్పలేదు అప్పటిదాకా. మా అమ్మాయి దుప్పట్లో కూర్చుని చెరకు రసం బండి తిప్పినట్టు తిప్పేది. ఒక నిమిషం తిప్పితే నాలుగైదు నిమిషాలు మాట్లాడేది. ఫోన్ ఛార్జింగ్ కూడా అవుతుందన్నారు గానీ, ఇరవై నిమిషాలు తిప్పితే రెండు శాతం ఎక్కింది, అందుకే ఒక స్టార్ కోత. ఏఎం 1080 స్టేషన్‌లో న్యూస్ వినేవాళ్లం. అంతకంటే ఎక్కువ విన్నది గవర్నమెంటు వాతావరణ శాఖ ఛానెల్. మరమనిషి గొంతు, హాస్యం లేదు, ప్రకటన లేదు, ఉష్ణోగ్రత చెప్పి మళ్లీ మొదటికొస్తుంది. ఎంత అంటే అంతే ఉండేది. బాబాయి స్టేషన్ కూడా పెట్టాను. కరెంటు తీసే గాలిమరలు గడ్డకట్టడం వల్లే ఇదంతా అంటున్నాడు. ఆగిపోయిన కరెంటు ఉత్పత్తి యూనిట్లలో సగానికి పైగా గ్యాస్ యూనిట్లేనని తర్వాత ఫెడరల్ రిపోర్టులో వచ్చింది.

మార్చిలో కంపెనీకి ఫోన్ చేసి మిగిలింది వాపసు తీసుకుంటారా అని అడిగాను. "ముప్పై రోజుల లోపే సార్, అదీ సీల్ తీయకపోతేనే," అంది ఆ అమ్మాయి. ఇరవై అయిదేళ్ల సరుకుకి ముప్పై రోజులు! మిగిలిన ప్యాకెట్లు గరాజ్‌లో ఉన్నాయి, వాటి మీద 2045 అని ఉంది. బకెట్ మాత్రం గట్టిది, మూత చక్కగా బిగుస్తుంది. సోనా మసూరి ఇరవై పౌండ్ల బస్తా మొత్తం పడుతోంది.