జాగ్రత్త: రీస్టోర్ చేసిన వాల్వు టీవీ అని చెప్పి, లోపల చైనా కిట్టు పెట్టి అమ్ముతున్నారు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పాత టీవీలు, రేడియోలు కొనేవాళ్లంతా ఇది చదవండి. పేరు రాయను. మన దగ్గర పాత సెట్టు అనగానే అందరూ ఎక్కడికి పొమ్మంటారో మీకు తెలుసు, అక్కడే. నేను కొన్నది 20 అంగుళాల ఈసీ (ఈసీఐఎల్ కంపెనీ) టీవీ, చెక్కపెట్టె, జరిపే షట్టర్ తలుపులు. "వాల్వులన్నీ కంపెనీవే, చాసిస్ మొత్తం రీస్టోర్ చేసినాం" అన్నారు. (వాల్వులంటే ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు బుడ్లు, చాసిస్ అంటే అవన్నీ బిగించే రేకు చట్రం.) 32 వేలు అక్కడికక్కడే ఫోన్‌లో కొట్టేశాను. నిన్న రాత్రి వెనక అట్ట విప్పితే లోపల ఒక్క వాల్వు లేదు.

ఉన్నదల్లా రెండు అరచేతులంత చైనా కిట్టు బోర్డు, దానికి తగిలించిన కలర్ పిక్చర్ ట్యూబు. కలర్ సెట్టింగు సున్నాకి దించేసి బ్లాక్ అండ్ వైట్ అని అమ్మారు. ఛానెల్ తిప్పే పెద్ద నాబ్ వెనక ఛానెల్ పట్టే ట్యూనరే లేదు, ఉత్త ఇరుసుని రేకుముక్కకి బిగించారు. కొత్త ట్యూబు చెవులు పాత బోల్టులకి అందక పెట్టెకి మళ్లీ బెజ్జాలు వేశారు. ఏళ్ల తరబడి నల్లబడిన ప్లైవుడ్డులో ఆ బెజ్జాల అంచులు తెల్లగా కనపడుతున్నాయి, రాలిన చెక్కపొడి అడుగున అలాగే ఉంది. ట్యూబు వెనక నల్లటి గ్రాఫైటు పూతని ఆనుకుని ఒక జడ తీగ ఉండాలి, ఆ పూతకి ఎర్త్ అదే. అది కూడా లేదు. కలర్ ట్యూబు ఆనోడు (పెద్ద వోల్టేజి ఎక్కే కొస) మీద 20 వేల వోల్టులు దాటి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ వోల్టేజి దారి దొరికిన చోటికల్లా దూకుతుంది. చుట్టూ ఎండిన చెక్క, దుమ్ము, పొట్టు. ఇలాంటిదాన్ని పిల్లలు తిరిగే ఇంట్లో పెట్టుకొమ్మని ఇచ్చారు.

పొద్దున్నే వెళ్లాను. పాత చాసిస్ ఏదని అడిగా.

"యాడుంటాదన్నా, పాత ఇనుముకి ఏసేసినాం."

"వాల్వులన్నీ కంపెనీవే అన్నావు గదా?"

"బొమ్మ వస్తా ఉండాది గదా, ఇంకేం గావాల నీకు? లోపల ఏముంటే నీకెందుకు, చూసేది ముందు నుంచే గదా!"

కొట్లో ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ల వైపు తిరిగి, "తెలిసినోడు కొనేటప్పుడే ఇప్పి చూసుకోవాల" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కొనేరోజు వెనక అట్ట తీయమంటే "సీలు ఏసినాం, తీస్తే గ్యారంటీ పోతాది" అన్నాడు, నేను ఊరుకున్నాను. ఆ రోజు నేను వెళ్లేసరికి టీవీ ఆడుతూనే ఉంది. అది ఎందుకు ముందే వేసి పెట్టారో నాకు అప్పుడే తట్టాలి. తట్టలేదు, అది నా తప్పే.

డబ్బు కన్నా ఎక్కువ మండుతున్నది ఆ చాసిస్ గురించి. మద్రాసు దూరదర్శన్ 1975లో, హైదరాబాద్ 1977లో మొదలయ్యాయి. మిద్దె మీద ఎత్తుగా పైపు నిలబెట్టి, యాంటెనా దక్షిణానికి తిప్పి మద్రాసు బొమ్మ పట్టుకున్న రోజుల సెట్లు ఇవి. వాల్వులు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. ఆ సెట్టుకి సరిపోయే ఈహెచ్‌టీ (ట్యూబుకి వేల వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్), ట్యూబు మెడకి ఉండే యోక్ (బొమ్మని తెరంతా పరిచే కాయిల్) కొత్తవి ఎవరూ చేయడం లేదు. అవి పాత ఇనుములోకి పోయాయంటే ఇక ఆ టీవీ లేనట్టే.

రీస్టోర్ అనే మాటకి ఒక అర్థం ఉంది. ఏళ్ల తరబడి ఆపేసిన సెట్టుకి నేరుగా 230 వోల్టులు ఇవ్వరు. ముందు పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మారుస్తారు. మైక్రోఫారాడ్లు అంతే ఉండాలి, వోల్టేజి అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల రకం వాడాలి. పాత అల్యూమినియం డబ్బాని పైన అలాగే ఉంచి కొత్తవి చాసిస్ కింద కడితే రూపం చెడదు. తర్వాత కాగితం కెపాసిటర్లు. అవి లీకైతే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ (లోపల కరెంటుని అదుపు చేసే తీగ జల్లెడ) మీదికి పాజిటివ్ వోల్టేజి వస్తుంది, లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంది, వాల్వుతో పాటు ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. పాత కార్బన్ రెసిస్టర్లు వయసుతో విలువ పెరుగుతాయి. పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ కుంచించుకుపోయే సెట్లలో చాలాసార్లు కారణం అదే. 20 శాతం దాటి తేడా ఉన్నదాన్ని తీసేయాలి.

పేరు పీ అక్షరంతో మొదలయ్యే వాల్వుల హీటర్లన్నీ (లోపల వేడెక్కే తీగలు) ఒకదాని వెనక ఒకటిగా 300 మిల్లీ ఆంపియర్ల వరసలో ఉంటాయి. పీఎల్ 504కి 27 వోల్టులు, పీవై 88కి 30. పెళ్లి దీపాల తోరణంలాగా ఒక్కటి పోతే అన్నీ ఆరిపోతాయి. ఆ వరసలో వేయగానే వచ్చే కరెంటు తాకిడిని ఆపే థర్మిస్టర్ ఉంటుంది. కొందరు మెకానిక్కులు అది పాడైతే వైరుముక్కతో కలిపేస్తారు, అప్పటి నుంచి వేసిన ప్రతిసారీ హీటర్లకి దెబ్బే. ఇక మన తీరం ఉప్పుగాలికి ట్యూనర్ కాంటాక్టుల మీద పచ్చగా కిలుము పడుతుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డతోనే తీయాలి. గరుకు కాగితం పెట్టి రుద్దితే వెండిపూత లేచిపోతుంది, తర్వాత ఏ ఛానెలూ నిలబడదు.

కొనబోయేవాళ్లు ఒక గంట ముందు నుంచి టీవీ ఆపి ఉంచమని ఫోన్ చేసి చెప్పండి. వెళ్లగానే వెనక చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. వాల్వు సెట్టు బొమ్మ రావడానికి అరనిమిషం అయినా పడుతుంది. నాది మొన్న కరెంటు పోయి వచ్చినప్పుడు ఐదారు సెకన్లలో వెలిగింది, పైగా వేయగానే 'ధమ్' అని చప్పుడు. ఆ చప్పుడు కలర్ ట్యూబు చుట్టూ ఉండి, దానికి పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్‌ది. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

ఒక భూతద్దం జేబులో వేసుకుని వెళ్లండి. తెర తెల్లగా వెలిగేటప్పుడు అద్దానికి ఆనించి చూస్తే బ్లాక్ అండ్ వైట్ ట్యూబు సున్నం కొట్టిన గోడలాగా ఏకంగా ఉంటుంది. కలర్ ట్యూబైతే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలో చుక్కలో విడివిడిగా కనపడతాయి. కలర్ ఎంత తగ్గించినా ఇది దాచలేరు. నేను నిన్న ఇలాగే పట్టుకున్నాను. ఆ మూడు రంగుల గీతలు చూశాక చేతులు చల్లబడ్డాయి.

డీవీడీ ప్లేయరో, సెట్ టాప్ బాక్సో పసుపు పిన్నుతో నేరుగా పెట్టి చూపిస్తుంటే ఆగండి. ఆ కాలం సెట్లకి ఏవీ పిన్ను లేదు, యాంటెనా వైరే. చాలా వాటిలో చాసిస్‌కే కరెంటు కలిసి ఉంటుంది, నేరుగా పిన్ను పెడితే ముట్టుకున్నవాడికి షాకే. వాటికి వీహెచ్‌ఎఫ్ ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ (వీడియోని యాంటెనా సిగ్నల్‌గా మార్చే డబ్బా) పెట్టాలి, అందులో సౌండు 5.5 మెగాహెర్ట్జ్ ఉండాలి, లేకపోతే బొమ్మ వచ్చినా మాట రాదు. అట్ట విప్పినా చాసిస్ మీద చెయ్యి వేయకండి, ముందు టెస్టర్ పెట్టి చూడండి.

ట్యూబు అసలుదే అయినా ఇంకో మోసం ఉంది. నీరసించిన ట్యూబు హీటరుకి 6.3 వోల్టుల బదులు ఎనిమిదో తొమ్మిదో ఎక్కించి ఆ పూటకి వెలుగు తెప్పిస్తారు. త్వరలోనే క్యాథోడు (ఎలక్ట్రాన్లు పుట్టించే భాగం) చచ్చిపోతుంది.

అట్ట విప్పనివ్వకపోతే కొనకండి. బిల్లు మీద అసలు చాసిస్, అసలు ట్యూబు అని రాయించుకోండి. నా దగ్గర బిల్లు లేదు, డబ్బు పంపిన రుజువు, వాళ్లు పెట్టిన మెసేజీలు ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఇదే చోట కొన్నవాళ్లు ఉంటే ఈ రాత్రే భూతద్దం పెట్టి చూసుకుని నాకు చెప్పండి.

పాత ఇనుము కొట్లవాళ్లు తెలిసినవాళ్లకి ఒక మాట. వాల్వు బేసులున్న టీవీ చాసిస్, ఒక మూల చిల్లుల రేకు డబ్బా, అందులో ఈహెచ్‌టీ, పక్కన రెండు పెద్ద వాల్వులు, ఇలాంటిది ఈ వారంలో కొట్టుకి వచ్చి ఉంటే రాగి కోసం పగలగొట్టనివ్వకండి. తూకం ఎంతయితే అంతకి రెట్టింపు ఇస్తాను, నేనే వచ్చి తీసుకెళ్తాను.