టేకు డెక్కుకు రంగు మాని అవిసె నూనె పట్టించిన తరువాత ఆరేళ్లు: హనుమకొండ నుంచి ఒక సమీక్ష

హనుమకొండలోని మా ఇంటి మొదటి అంతస్తులో, పడమటి దిక్కున, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న టేకు డెక్కు, అంటే ఆరుబయట చెక్క పలకలు పరిచిన నేల, ఒకటి ఉంది. పరకాల దగ్గర మా ఊళ్లోని గూనపెంకుటిల్లు విప్పినప్పుడు వచ్చిన దూలాలను సామిల్లులో అంగుళం మందం, నాలుగంగుళాల వెడల్పు పలకలుగా కోయించి 2014లో దానిని వేయించాను. చుట్టూ ఉన్న రెయిలింగుకు ఆ ఇంటి వసారా స్తంభాలనే నిలబెట్టాము. మా నాన్న పుట్టి పెరిగిన ఇంటి కలప అది. దాని మీద వేసిన రంగు రెండు వానాకాలాలు గడిచేసరికి ఎండిన చేప పొలుసుల్లా లేచిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆరు సంవత్సరాలు అక్కడ పడిన తంటాల తరువాత 2020 జనవరిలో రంగును పూర్తిగా తీసివేసి, హార్డ్‌వేరు దుకాణాల్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అనే పేరుతో అమ్మే అవిసె గింజల నూనెను పట్టించాను. ఆరేళ్లుగా ఎండను, వానను ఓర్చుకున్న ఆ నూనె గురించే ఈ సమీక్ష.

మొదట వేయించింది సింథటిక్ ఎనామిల్. పెయింటరు పద్ధతి ప్రకారమే ప్రైమరు కొట్టి, సందుల్లో లప్పం పెట్టి, రెండు కోట్లు వేశాడు. 2015 వానాకాలంలో పలకల అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు కనిపించాయి, మరుసటి వేసవిలో అవి పగిలాయి. 2016లో ఊడిన చోట మాత్రమే గీకించి మళ్లీ రంగు వేయించాను. పాత రంగు గట్టిగా ఉన్నట్టు కనిపించిన చోట దానిని అలాగే ఉంచడం నేను చేసిన పెద్ద తప్పు, ఎందుకంటే కొత్త రంగు ఎంత మంచిదైనా తన కింద ఉన్న పాత రంగు ఎంతకాలం పట్టుకుని ఉంటే అంతకాలమే ఉంటుంది. 2018లో అందరూ చెప్పారని చెక్క కనిపించేలా ఉండే పాలియురెథేన్ వార్నిషు వేయించాను. అది మొదటి ఏడాది అద్దంలా మెరిసింది. రెండో ఏడాది పసుపు తిరిగి, ఎండ పడే చోటంతా పల్చటి పొరలుగా లేచి, కాళ్లకు గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఏ రంగు కొనాలో చూడటానికి ముందు రంగు ఎందుకు ఊడుతున్నదో చూడాలన్న ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది. ఊడిన రంగు పెచ్చును తిరగేసి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. పెచ్చు వెనుక భాగం శుభ్రంగా, నున్నగా ఉంటే రంగు వేసిన నాడు చెక్క మీద తేమో, జిడ్డో, దుమ్మో ఉన్నదని అర్థం. పెచ్చు వెనుక నూగులా చెక్క పీచు అంటుకుని వస్తే తప్పు రంగుది కాదు, అప్పటికే ఎండకు చచ్చిపోయిన చెక్క పైపొర మీద దానిని వేశారని అర్థం. చెక్కలోని పీచులను కలిపి పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విడగొడతాయి. ఆరుబయట ఉన్న చెక్క బూడిద రంగులోకి తిరగడం దాని ఆనవాలే. ఆ బూడిద పొరను ఉప్పుకాగితంతో పూర్తిగా తీయకుండా దాని మీద ఏది పూసినా ఆ పొరతో పాటే ఊడి వస్తుంది. మా డెక్కు మీద రెండు రకాల పెచ్చులూ దొరికాయి.

మిగిలిన సగం సంగతి మా వడ్లాయన చెప్పాడు. ఒక పలక విప్పి, దాని అడుగు భాగాన్ని నా చేతికి తాకించి, “సారూ, పైన మూత పెట్టిన్రు, కింద నీళ్లు పెట్టిన్రు, కట్టెకు ఊపిరి ఎటు పోవాలె?” అన్నాడు. అడుగున సిమెంటు స్లాబు మీద వాన నీరు నిలిచి ఉంది. స్లాబు నీరు పోయే తూము మట్టితో పూడిపోయింది. పలకల అడుగు భాగానికి ఎన్నడూ ఏ పూతా లేదు గనుక చెక్క అటు నుంచి నీరు తాగుతున్నది, పైనుంచి ఎండ పడగానే ఆ తేమ ఆవిరిగా పైకి వచ్చి రంగు పొరను లోపలి నుంచి తోస్తున్నది. పైగా చెక్క తడిసినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే ఎండకు, జూలైలో రోజుల తరబడి ముసురుకు మధ్య ఆ కదలిక మా దగ్గర చాలా ఎక్కువ. గట్టిపడిన రంగు పొర దానితో పాటు సాగలేక పగులుతుంది, ఆ పగుళ్లలోంచి దిగిన నీరు మళ్లీ బయటకు రాలేదు. గోడకో, తలుపుకో వేసే రంగును నేల మీద పరిచిన పలకకు వేస్తే ఇలా కావడం తప్పదు. ఈ మాట నాకు పదేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కనుక పని నూనెతో మొదలు కాలేదు. ముందు పలకలన్నీ విప్పించి, తూము శుభ్రం చేసి, అడుగున ఉన్న వాసాల కింద రబ్బరు ముక్కలు పెట్టి వాటిని స్లాబు నుంచి లేపాము. మళ్లీ బిగించేటప్పుడు పలకకూ పలకకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు వదిలాము. పాత ఇనుప మేకులు తీసి స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడాము, ఎందుకంటే టేకులోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి మేకు చుట్టూ నల్లటి మరకలు కడుతుంది. ఉన్న మరకలను పోగొట్టడానికి లీటరు గోరువెచ్చని నీటిలో ఎనభై గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి బ్రష్షుతో రాసి, అరగంట తరువాత బాగా కడిగాము. అది విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు.

పలకల మీది రంగును పెయింట్ రిమూవరు రాసి, ఉబ్బిన తరువాత లప్పం పట్టీతో గీకి తీశాము. వసారా స్తంభాల దగ్గర మాత్రం నేను చాలా జాగ్రత్త పడ్డాను, మీరూ పడాలని కోరుతున్నాను. వాటి మీద కొన్ని దశాబ్దాల పాటు పండుగకొకసారి వేసిన ఆకుపచ్చ ఎనామిల్ పొరలున్నాయి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో తొంభై) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందటి ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి రంగును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. మేము స్తంభాలను నీటితో తడుపుతూ గీకి, కింద ప్లాస్టిక్ పట్టా పరచి, పెచ్చులన్నీ మూటగట్టి తీశాము. ఆ మూడు రోజులు మనవలను మేడ ఎక్కనివ్వలేదు.

రంగంతా పోయిన తరువాత అరవై నంబరు, ఆపైన ఎనభై నంబరు ఉప్పుకాగితంతో రుద్ది అక్కడితో ఆపాము. నున్నగా కావాలని ఇంకా సన్న కాగితంతో రుద్దితే చెక్క నూనెను సరిగా పీల్చదు. టేకులో సహజంగా ఉండే జిడ్డు పోవడానికి థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిచి, పలక మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూశాను. నీరు గుండ్రంగా నిలవకుండా లోపలికి ఇంకిన నాడే నూనె పట్టించడం మొదలుపెట్టాము.

పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది, బాయిల్డ్ అని అమ్మేదానిలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కనుక ఒక రోజులో ఆరుతుంది. ఇంట్లో ఉన్న ఆముదమో, కొబ్బరి నూనెనో, నువ్వుల నూనెనో ఈ పనికి వాడకూడదు. అవి గాలికి గట్టిపడే నూనెలు కావు, ఎన్నాళ్లయినా జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటాయి. మొదటి కోటుకు నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి పలుచగా, తరువాత రెండు కోట్లు చిక్కగా పట్టించాము. ప్రతి కోటు తరువాత ఇరవై నిమిషాలు ఆగి, చెక్క పీల్చుకోకుండా మిగిలిన నూనెనంతా పొడి గుడ్డతో తుడిచివేయాలి. ఇదే అసలు మెళకువ. ఒక మూలన నేను తుడవడం మరచిపోయిన చోట నెల రోజుల దాకా బెల్లం పాకంలా అంటుకునేది. పలకల అడుగు భాగానికి కూడా నూనె పట్టించాము. కోసిన చివరల నుంచి చెక్క అన్నిటికంటె ఎక్కువ నీరు తాగుతుంది గనుక అక్కడ ఇక పీల్చదు అనేదాకా నాలుగైదు సార్లు అద్దాము. అడుగు భాగంతో కలిపి మొత్తం నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ పట్టింది.

నూనె తుడిచిన గుడ్డల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను ముద్దగా పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తాకకుండానే గుడ్డలు అంటుకుంటాయి. మొదటి రోజు సాయంత్రం బకెట్టులో వేసిన గుడ్డలను తీయబోతే చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. ఇంకొక గంట ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ఆనాటి నుంచి గుడ్డలను నీటిలో ముంచి ఉంచడమో, విడివిడిగా తీగ మీద ఆరవేయడమో చేస్తున్నాము.

ఇక ఫలితం. 2020 ఫిబ్రవరి మొదటి వారంలో మేడారం జాతరకు వచ్చిన చుట్టాలందరూ ఆ డెక్కు మీదనే పడుకున్నారు. తేనె రంగులో, చెక్క గీతలన్నీ కనిపిస్తూ, నాన్న చిన్ననాటి ఇంట్లో దూలాలు ఎలా ఉండేవో అలా ఉంది. ఈ రంగు శాశ్వతం కాదు. ఎండ పడే పడమటి అంచు ఎనిమిది నెలలకే వెలిసింది. అయితే వెలియడం వేరు, ఊడటం వేరు. పొర లేదు గనుక లేవడానికి ఏమీ లేదు. కొత్తగా నూనె వేయాలంటే గీకే పని లేదు. కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, వెలిసిన చోట ఉప్పుకాగితం ఆడించి, ఒక కోటు పట్టిస్తే సగం రోజులో అయిపోతుంది. దసరా వెళ్లి వానలు పూర్తిగా వెనుకబట్టిన తరువాత, నవంబరులో ఏటా ఈ పని చేస్తున్నాను. 2025 నవంబరులో చేసింది ఆరవసారి. ఒక ఏడాది తొందరపడి రోహిణి కార్తెలో చేస్తే, కాలిన పలక మీద నూనె ఇంకే లోపే చిక్కబడి చారలు కట్టింది.

అసలైన పరీక్ష 2023 జూలై చివరి వారంలో వచ్చింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడి, వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగిన వారం అది. డెక్కు రోజుల తరబడి తడిసింది. నీరు తగ్గాక చూస్తే ఒక్క పలక కూడా వంకర తిరగలేదు. కానీ తులసి కుండీల వెనుక, గాలి ఆడని మూలన నల్లటి బూజు పట్టింది. అవిసె నూనెకు ఉన్న నిజమైన లోపం ఇదే: అది బూజును ఆపదు సరికదా, దానికి కొంత ఆహారం కూడా అవుతుంది. నల్లటి మచ్చ బూజో, మురికో తెలియకపోతే బ్లీచింగ్ పౌడరు కలిపిన తేట నీటి చుక్క వేసి చూడండి. బూజైతే తెల్లబడుతుంది, మురికైతే అలాగే ఉంటుంది. ఆ నీటితోనే తేలికగా రుద్ది, బాగా కడిగి, కుండీల కింద రాతి దిమ్మెలు పెట్టాము. మళ్లీ రాలేదు.

మరొక మేలు నాకు బతుకమ్మ పండుగ నాడు అర్థమైంది. మా ఇంటి ఆడవాళ్లు డెక్కు మీద కూర్చొని బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలకు అద్దే గులాబి రంగు గిన్నె ఒలికి, రెండు పలకలకు జేనెడు మేర మరక పట్టింది. వార్నిషు ఉన్న రోజుల్లో అయితే మొత్తం డెక్కు గీకవలసి వచ్చేది, లేదా ఆ అతుకు జీవితాంతం కనిపించేది. ఈసారి ఆ జేనెడు మేర మాత్రమే రుద్ది, నూనె అద్దాను. వారంలో పక్క పలకతో కలిసిపోయింది.

వెలియడం తగ్గించడానికి 2021లో ఒక ప్రయోగం చేశాను. రెయిలింగు పక్కన నాలుగు పలకలకు నూనెలో రెడ్ ఆక్సైడ్ పొడి కొంచెం కలిపి పట్టించాను. ఆ పొడిలోని ఇనుప ఆక్సైడు ఎండను అడ్డుకుంటుంది. ఆ నాలుగు పలకలు మిగతావాటికంటె స్పష్టంగా మెరుగ్గా, ఏడాదంతా రంగు నిలుపుకున్నాయి. అయితే మొదటి రెండు నెలలు తెల్ల పంచెకు, పిల్లల పాదాలకు ఎర్రగా అంటింది. అందుకని ఇప్పుడు ఆ కలిపిన నూనెను ఎవరూ కూర్చోని స్తంభాలకు మాత్రమే వాడుతున్నాను.

ఈ నూనెను అందరికీ సిఫారసు చేయలేను. ఏటా సగం రోజు కేటాయించలేని వారికి ఇది పనికిరాదు, రెండేళ్లు వదిలేస్తే చెక్క మళ్లీ బూడిద రంగుకు వెళుతుంది. చెదలను ఇది ఆపదు కాబట్టి మట్టిని తాకే కలపకు ముందుగా చెదల మందు వేయించవలసిందే. తెల్లగానో, నీలంగానో ఉండాలని కోరుకునే వారికి ఇందులో ఏమీ లేదు. నేను ఎనామిల్‌కు శత్రువును కూడా కాను. మా ఇంటి కిటికీ చెక్కలకు, పైన సజ్జ ఉన్న చోట, 2014లో వేసిన ఎనామిల్ ఇప్పటికీ గట్టిగా ఉంది, దానిని నేను ముట్టుకోలేదు. నిలబెట్టిన చెక్క మీద నీరు నిలవదు, పడుకోబెట్టిన చెక్క మీద నిలుస్తుంది, తేడా అంతే.

ఖర్చు మాటకు వస్తే, మొదటిసారి కూలీలతో, మరలతో కలిపి ఎనామిల్ వేయించిన దానికంటె ఎక్కువే అయింది. ఆ తరువాత ఏటా ఒక లీటరు నూనె, రెండు ఉప్పుకాగితాలు, నా చేతి పని. మొన్న నవంబరులో పని చేస్తుండగా పడమటి అంచున రెండు పలకల చివరలు మెత్తబడినట్టు గమనించాను. ఎనామిల్ కాలంలో మూసి ఉన్న పొర కింద పట్టిన కుళ్లు అది, నూనె దానిని వెనక్కు తిప్పలేదు. ఆ రెండింటిని మార్చడానికి ఊరి ఇంటి దూలంలో మిగిలిన చివరి ముక్కను సామిల్లుకు పంపాను. పలకలు రాగానే ఈసారి బిగించడానికి ముందే నాలుగు వైపులా, రెండు చివరలా నూనె పట్టిస్తాను.