గొంతు మారిన జపనీస్ తేదీల యాప్

ఈ యాప్‌కు ఒకప్పుడు ఐదు నక్షత్రాలు ఇచ్చాను. ఇప్పుడు రెండు తగ్గిస్తున్నాను. కారణం ఒక్కటే: గొంతు.

జపనీస్ అంకెలు, గంటలు, తేదీలు నేర్పే యాప్‌లు బోలెడున్నాయి. దీన్ని ఇన్నాళ్లు వదలనిది వినే అభ్యాసం కోసమే. తెర మీద అక్షరం కనిపించదు. ఒకావిడ తేదీనో సమయాన్నో చెబుతుంది, మనం అంకెలు నొక్కాలి. నాలుగో తేదీ ‘యొక్క’, ఎనిమిదో తేదీ ‘యోక’. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తేడా కంటికి ఆనదు. హ్రస్వాలూ దీర్ఘాలూ ఒత్తులూ చిన్నప్పటి నుంచి అలవాటైన చెవికి మాత్రం, ఆవిడ పలుకులో తికమకే ఉండేది కాదు. (నాలుగో తేదీని తెలుగువారు మరిచిపోలేరు, షష్ఠీ విభక్తి అండగా ఉంది.) ఏడు గంటలకు పుస్తకాలు ‘షిచిజి’ అంటాయి. ఆవిడ మధ్యమధ్యలో ‘ననజి’ అనేది. ఒంటిగంట, అంటే ‘ఇచిజి’, అని పొరబడతారని ఇక్కడ జపాన్‌లో, ఫోనులో చాలామంది అలాగే అంటారు. పళ్ల డాక్టరు క్లినిక్ నుంచి ‘యోక, ననజి హన్’ అని గబగబా వినిపించినప్పుడు, మళ్లీ అడగకుండా ఎనిమిదో తేదీ ఏడున్నర అని రాసుకున్నానంటే ఆ పుణ్యం ఆవిడదే.

ఒక అప్‌డేట్‌లో ఆవిడను తీసేసి యంత్రం గొంతు పెట్టారు. అది కంజీని, అంటే చైనా నుంచి వచ్చిన జపనీస్ లిపి గుర్తులను, చూసి చదివేస్తుంది, సందర్భం దానికి పట్టదు. మార్చి ఒకటి ‘సంగత్సు త్సుయితచి’. ఇది ‘సంగత్సు ఇచినిచి’ అంటోంది. అది ఒక రోజు పాటు అనడానికి వాడే మాట. ఐదు గంటల పది నిమిషాలు ‘గొజి జుప్పున్’. ఆ పది నిమిషాల కంజీలనే ‘జూబున్’ అని కూడా చదవవచ్చు, అప్పుడు చాలినంత అని అర్థం. యంత్రానికి అదే నచ్చింది. ఐదు గంటల చాలినంతకు రైలట! ఫిర్యాదు రాస్తే మర్యాదగా జవాబిచ్చారు, తర్వాతి వెర్షన్‌లో పది నిమిషాలు సరిచేశారు. ఒకటో తేదీ మాత్రం ఇప్పటికీ అంతే. కొత్తగా నేర్చుకునేవారు దాన్నే కంఠస్థం చేస్తారు కదా!

పెద్ద అంకెల పాఠాన్ని అప్పట్లో మెచ్చుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. జపనీస్ లెక్క పదివేల దగ్గర ‘మన్’తో మలుపు తిరుగుతుంది: లక్ష ‘జూమన్’, కోటి ‘ఇస్సెన్మన్’. లక్షలు, కోట్లు తెలిసినవారికి ఇది దగ్గరి దారే. యాప్ మాత్రం అందరినీ మిలియన్ చుట్టూ తిప్పుతుంది. చక్రవర్తి యుగాల సంవత్సరాల ఊసే లేదు. వార్డు ఆఫీసు కాగితాల్లో 2025 అంటే రేవా 7, ఇప్పటి చక్రవర్తి యుగంలో ఏడో ఏడాది.

జపనీస్ ప్రావీణ్య పరీక్షల్లో మొదటి మెట్టయిన ఎన్5 పరీక్షే లక్ష్యమైతే ఉచిత భాగం సరిపోవచ్చు, తేదీల పట్టిక పక్కన పెట్టుకుని వినండి. నాకు ఇక్కడ ఉద్యోగంలో రోజూ ఫోన్లు ఎత్తే పని, కాబట్టి నా పట్టింపు కాస్త ఎక్కువే కావచ్చు. పాత ఫోనులో అప్‌డేట్‌లు ఆపేశాను, దించుకున్న పాఠాలు అందులో ఇంకా ఆవిడ గొంతుతోనే నడుస్తున్నాయి. చందా మాత్రం ఈసారి కట్టలేదు.