మోరే ప్లేస్, గ్రేట్ వెస్టర్న్ టెర్రస్: థామ్సన్ కట్టిన రెండు వరస ఇళ్లలో ఏది మేలు?

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో విక్టోరియా కాలపు వరస ఇళ్లకు కొదవ లేదు. గోడకు గోడ ఆనుకుని వీధి పొడవునా సాగే ఆ వరసను అక్కడ టెర్రస్ అంటారు. వాస్తుశిల్పి అలెగ్జాండర్ థామ్సన్ (1817–1875) గీసిన రెండు వరసలు మాత్రం మిగతావాటితో కలిపి చెప్పేవి కావు. ఊరికి దక్షిణాన స్ట్రాత్‌బంగోలో మోరే ప్లేస్ ఒకటి, పడమట గ్రేట్ వెస్టర్న్ టెర్రస్ ఇంకొకటి. రెండూ వారసత్వ కట్టడాల జాబితాలో అన్నిటికన్నా పైదైన ‘ఎ’ కేటగిరీలో ఉన్నాయి. చదువుకో ఉద్యోగానికో గ్లాస్గో వెళ్లిన మనవాళ్లకు ఒక్క పూటే తీరిక దొరికితే ఏది చూడాలి? నేనైతే మోరే ప్లేస్‌కే పొమ్మంటాను.

ముందు రెండోదాని గొప్ప చెప్పాలి. గ్రేట్ వెస్టర్న్ టెర్రస్ నమూనా 1867 నాటిది. మొత్తం పదకొండు ఇళ్లు. పెద్ద రోడ్డు కన్నా ఎత్తులో, వెనక్కి జరిపి కట్టారు. మెట్లెక్కి వెళితే గ్రీకు అయోనిక్ స్తంభాల (తలభాగంలో చుట్టలు తిరిగిన స్తంభాలు) ముఖమంటపాలు. గోడ మీద అలంకారం దాదాపు లేదు. కిటికీలు గోడలో నేరుగా కోసిన దీర్ఘచతురస్రాలు. వరసంతా రెండంతస్తులే, రెండు చోట్ల మాత్రం మూడంతస్తులకు లేస్తుంది. ఆ ఎత్తైన భాగాలను ఎవరైనా చివర్లలోనో నడిమధ్యనో పెడతారు. థామ్సన్ చివర్ల నుంచి కొంచెం లోపలికి జరిపాడు. చూపు ఒక చోట ఆగిపోకుండా వరస పొడవునా సాగేది అందువల్లే. ఓడల వ్యాపారి విలియం బరెల్ 8వ నంబరు ఇంట్లో ఉండేవాడు. 1944లో ఆయన నగరానికి ఇచ్చేసిన కళాఖండాలే ఇప్పటి బరెల్ కలెక్షన్ మ్యూజియం.

అది డబ్బున్నవాళ్ల హుందాతనం, అందులో లోపం ఎంచడానికి లేదు. కానీ మధ్యతరగతి ఇంటికి అంత గౌరవం ఇవ్వడం ఇంకా కష్టం. మోరే ప్లేస్‌లో థామ్సన్ సాధించింది అదే.

1859లో మొదలైన ఈ వరసలో పదే ఇళ్లు, రెండే అంతస్తులు. రెండు చివర్లలో ఇళ్లు కాస్త ముందుకు వస్తాయి, వాటి నెత్తిన గుడి ముఖంలా త్రికోణం ఉంటుంది. అసలు చూడవలసింది ఈ రెండిటి మధ్య పై అంతస్తును. ఒకే కొలతలో 52 నలుచదరపు రాతి స్తంభాలు ఆగకుండా నడుస్తాయి, కిటికీలు వాటి వెనక ఒదిగిపోతాయి. ఏ ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పైకి చూస్తే తెలియదు. నీ వాటా ఇది, నా వాటా అది అని గోడ చెప్పదు. సాదా ఇళ్లు పది కలిసి ఒక రాజభవనమంత గంభీరంగా నిలబడ్డాయి. తల ఎత్తితే పొగగొట్టాలు కూడా ఈజిప్టు తామర మొగ్గల ఆకారంలోనే! ‘గ్రీక్’ థామ్సన్ అని పేరు పడ్డ ఈ మనిషి గ్రీసు గానీ ఈజిప్టు గానీ చూడనేలేదు. అంతా పుస్తకాల్లో, బొమ్మల్లో చూసి నేర్చుకున్నదే.

ఇంకో సంగతి. 1850లలో ఆయన నలుగురు పిల్లలను పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కట్టిన ఈ వరసలో 1వ నంబరు ఇల్లు తనకే ఉంచుకున్నాడు, 1875లో అక్కడే కన్నుమూశాడు. గీసినవాడే కాపురం ఉన్న ఇల్లంటే నాకు గురి ఎక్కువ.

ఉండటానికి ఏది మేలంటారా? జాబితాలో ఉన్న ఇల్లు కొంటే కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) అనుమతి తీసుకోవాలి, లోపలి మార్పులకూ అంతే. ఆ టెన్షన్ రెండు చోట్లా ఒకటే. గ్రేట్ వెస్టర్న్‌లో గదులు పెద్దవి, పెద్ద ఇళ్లు చాలావరకు ఫ్లాట్లుగా విడిపోయాయి. మోరే ప్లేస్ ముందు నుంచి రైలు పట్టాలు పోతాయి, చప్పుడు తప్పదు. అయినా అక్కడ ఇల్లు ఇప్పటికీ ఒక కుటుంబం సరిపెట్టుకునే కొలతలోనే ఉంది. చూడటానికి వెళ్లేవాళ్లు ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి చూడండి: 52 స్తంభాల వరస మొత్తంగా కనబడేది అక్కణ్ణుంచే, పైగా కాపురాలున్న ఇళ్ల కిటికీల్లోకి తొంగిచూసినట్టూ ఉండదు.