గండికోట యాత్ర: ఎలక్ట్రిక్ కారు, లాడ్జి ప్లగ్గు, యూనిట్ లెక్క

కర్నూలులో మొదలుపెట్టి యాగంటి, బెలుం, గండికోట చూసుకుని, తాడిపత్రి మీదుగా అనంతపురం చేరి, మళ్ళీ 44వ నంబరు హైవే పట్టుకుని వెనక్కి రావడం ఎలక్ట్రిక్ కారుకి చక్కగా సరిపోయే చుట్టు. ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య దూరాలు చిన్నవి, దారంతా ఊళ్ళు తగులుతూనే ఉంటాయి. అసలు టెన్షనంతా రాత్రి దిగే చోట కరెంటు గురించే. ప్లగ్గు ఉందా? ఉంటే ఎంతమంది వంతులేసుకోవాలి? ఎంత కట్టాలి? మేం దిగిన చోట్ల ఒక్కొక్కళ్ళది ఒక్కో పద్ధతి. గుళ్ళ గురించి, కోట గురించి చాలామంది రాశారు కాబట్టి, నేను ఈ సంగతే వివరంగా రాస్తాను.

ముందు చిన్న లెక్క. మా కారు బ్యాటరీలో నలభై యూనిట్లు పడతాయి. యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు వస్తుంది. గీజరుకి వాడే మామూలు పదిహేను ఆంప్స్ ప్లగ్గుకి పెడితే గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కుతుంది, అంటే రాత్రి పదింటికి పెట్టి పొద్దున ఆరింటికి తీస్తే నూట యాభై కిలోమీటర్లకు సరిపడా వచ్చేసినట్టే.  మీటరు మీద తిరిగిన యూనిట్లన్నీ మాత్రం బ్యాటరీలోకి చేరవు. నూటికి పది దాకా వేడి రూపంలో పోతాయి. లాడ్జివాళ్ళకు బిల్లు వచ్చేది మీటరును బట్టే కాబట్టి, మనం కట్టాల్సింది కూడా మీటరు లెక్కే. కారు స్క్రీన్ చూపించే లెక్కతో వాదన పెట్టుకోకూడదు.

కర్నూలులో మేం దిగింది బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక లాడ్జి. గదులు శుభ్రం, వేడినీళ్ళు టైముకి వచ్చాయి, కింద పార్కింగ్ ఉంది. పొద్దున పక్క సందులో తిన్న ఉగ్గాని బజ్జీ కోసమైనా మళ్ళీ ఆ ఊళ్ళో ఆగుతాను. చార్జింగ్ అడిగితే మేనేజర్ బోరు మోటారు బోర్డు పక్కనున్న ప్లగ్గు చూపించి, "రాత్రికి ఐదొందలు సార్, ఎంతసేపైనా పెట్టుకోండి" అన్నాడు. మాకు ఆ రాత్రి పాతిక యూనిట్లు పట్టి ఉంటాయి. కమర్షియల్ మీటరు మీద యూనిట్ పది రూపాయల లెక్కన వేసుకున్నా రెండొందల యాభై. మిగతాది ప్లగ్గు అద్దె అనుకుని ఇచ్చేయొచ్చు. నాకు బాధ అనిపించింది ఇంకో విషయానికి. డోన్ నుంచి స్కూటర్ మీద వచ్చిన ఒక కుర్రాడు అదే ప్లగ్గు అడిగితే రెండొందలు చెప్పారు. ఆ స్కూటర్ బ్యాటరీ మొత్తం నిండినా నాలుగు యూనిట్లు దాటదు, అంటే నలభై రూపాయల కరెంటు. ఆ అబ్బాయి నోరెత్తకుండా ఫోన్ చార్జర్ ఒక్కటీ తీసుకుని గదికి వెళ్ళిపోయాడు. అందరికీ ఒకటే రేటు అంటే వినడానికి బాగుంటుంది గానీ, తక్కువ వాడేవాడికి అది పెద్ద దెబ్బ.

మేనేజర్‌తో కూర్చుని మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. కరెంటు అమ్ముకుంటున్నారని ఎవరైనా కేసు పెడతారేమోనని ఆయన భయం. అందుకే యూనిట్ అన్న మాట ఎత్తకుండా "పార్కింగ్ చార్జీ" అని రాసుకుంటున్నాడు. ఆ భయం అక్కర్లేదు. వాహనాలకు చార్జింగ్ ఇవ్వడం సేవ కిందికే వస్తుందని, దానికి విద్యుత్ చట్టం ప్రకారం లైసెన్స్ అవసరం లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టంగా చెప్పింది. ఇదే మాట చెబితే ఆయన ఆసక్తిగా విన్నాడు. ఆ ప్లగ్గుకి మాత్రమే విడిగా పెట్టుకునే సబ్ మీటరు ఎంతవుతుందని కూడా అడిగాడు. చిన్న సింగిల్ ఫేజ్ మీటరుకి పెద్ద ఖర్చేమీ ఉండదు, ఊళ్ళో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా దొరుకుతుంది.

కర్నూలు దాటాక ఓర్వకల్లు రాతివనం దగ్గర అరగంట ఆగాం. ఎండ ఎక్కకముందే వెళ్ళాలి. ఆ చుట్టుపక్కలే గని, శకునాల ఊళ్ళ దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అంత కరెంటు పుట్టే గడ్డ మీద కారుకి ఒక మంచి ప్లగ్గు కోసం ఫోన్లు చేసుకుంటూ తిరగాల్సి రావడం మనసుకి కష్టంగానే అనిపించింది. యాగంటిలో కోనేటి నీళ్ళు చల్లగా, తేటగా ఉన్నాయి. అమ్మ అక్కణ్ణుంచి ఓ పట్టాన కదల్లేదు. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. పర్యాటకులకు అందులో కొంత భాగమే తెరిచారు. లోపల ఉక్క ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్ల గురించి ఆలోచించుకోవాలి. ఈ రెండు చోట్లా చార్జింగ్ మీద ఆశ పెట్టుకోకుండా బయల్దేరడం మంచిది.

గండికోటకు జమ్మలమడుగు మీదుగా వెళ్ళాం. కోటలో మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూసుకుని, పెన్నా కోసుకుంటూ వెళ్ళిన లోయ అంచుకి చేరేసరికి పొద్దు వాలింది. అంచు దగ్గర రాళ్ళు నున్నగా ఉంటాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. కోటకు దగ్గర్లో పర్యాటక శాఖవారి హరిత హోటల్ ఉంది. మాకు మాత్రం జమ్మలమడుగు దారిలో ఒక ఇంట్లో గదులు దొరికాయి. రెండే గదులు, ముందు వేపచెట్టు, దాని కింద రెండు కార్లు పట్టే చోటు. రాత్రికి రాగిసంగటి, నాటుకోడి పులుసు. వడ్డించిన ఆ ఇంటి పెద్దమ్మ మా పాపకు విడిగా నెయ్యి వేసి ఇచ్చింది.

చార్జింగ్ ఏర్పాటు చూసి నేను ఆశ్చర్యపోయాను. గోడకు రేకు పెట్టె, దానికి తాళం. లోపల విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే పడిపోయే స్విచ్చు), చిన్న మీటరు, మూడు పిన్నుల నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్టు, పక్కనే మామూలు పదిహేను ఆంప్స్ ప్లగ్గు. పెట్టెకు మేకు కొట్టి వేలాడదీసిన నోటు పుస్తకంలో తేదీ, బండి నంబరు, పెట్టేటప్పటి రీడింగ్, తీసేటప్పటి రీడింగ్, ఇచ్చిన డబ్బు. యూనిట్‌కి పన్నెండు రూపాయలు. "పది రూపాయల దాకా కరెంటోళ్ళకు పోతాది సార్. రెండు రూపాయలు వైరుకి, ప్లగ్గు అరుగుదలకి" అన్నాడు ఓనరు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావన్నా అని అడిగాను. కడప జిల్లాలో చాలామంది లాగే ఆయనా కువైట్ వెళ్ళొచ్చిన మనిషే. అక్కడ పడవల రేవులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడట. "ఆడ పడవ కట్టేసేకాడ స్తంభాలుంటాయి సార్. స్తంభానికి సాకెట్టు, ఎంసీబీ, మీటరు. పడవ గట్టున ఉన్నన్నాళ్ళూ దాంట్లో ఏసీ తిరగల్ల, ఫ్రిజ్ తిరగల్ల, బ్యాటరీలు ఎక్కల్ల. చిన్న పడవోడు నాలుగు యూనిట్లు కాలుస్తాడు, పెద్ద పడవోడు నలభై కాలుస్తాడు. ఇద్దరికీ ఒకటే రేటంటే చిన్నోడు ఊరుకుంటాడా?" నీలం సాకెట్టు సింగిల్ ఫేజ్‌కి, ఎరుపుది త్రీ ఫేజ్‌కి అని చూపించాడు. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టి, పట్టు సరిగా లేక ప్లగ్గులు కాలిపోవడం అక్కడ రోజూ చూసేవాడట. ఒక సాకెట్టుకి జంక్షన్ బాక్సు తగిలించి రెండు పడవలు లాగితే ఎంసీబీ పడిపోయేది. అప్పుడు చీకట్లో మిగిలిన రెండు పడవలవాళ్ళూ కొట్లాటకి దిగేవాళ్ళు. అందుకే ఇక్కడ ఎక్స్‌టెన్షన్ బాక్సుని దగ్గరికి కూడా రానివ్వడు.

ఆ రాత్రి బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం కూడా ఎలక్ట్రిక్ కారులోనే దిగింది. రెండు ప్లగ్గులున్నా లైను ఒకటే. ఒకేసారి రెండు కార్లు పెడితే తట్టుకోదు. వాళ్ళకి తెల్లవారకముందే లోయ దగ్గర సూర్యోదయం చూసి, అటునుంచి అటే వెళ్ళిపోవాలి. మేం మధ్యాహ్నం దాకా ఉంటాం. అందరం చెట్టు కింద కూర్చుని లెక్కేసుకున్నాం. రాత్రి తొమ్మిది నుంచి మూడున్నర దాకా వాళ్ళది, ఆ తర్వాత మాది. ప్లగ్గు మార్చే పని ఓనరు కొడుకు తీసుకున్నాడు, మార్చేటప్పుడు రీడింగ్ ఫోటో తీసి ఇద్దరికీ పంపాడు. మాకు 22 యూనిట్లు, 264 రూపాయలు. ఫోన్‌పేలో కొట్టేశాం. ఎవరి డబ్బు ఎందుకు పోయిందో అందరికీ తెలుసు. ఈ చుట్టు మొత్తంలో మనస్ఫూర్తిగా మెచ్చుకోగలిగిన చార్జింగ్ ఏర్పాటు ఇదొక్కటే.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి గోపురాల మీద చెక్కడం ఎంతసేపు చూసినా తనివి తీరదు. చింతల వెంకటరమణస్వామి గుడి కూడా తప్పకుండా చూడండి, అక్కడి రాతిరథం చిన్నదైనా పనితనం గొప్పది.

అనంతపురంలో మేం దిగిన హోటల్ పెద్దది, లిఫ్టు, రెస్టారెంటు, అన్నీ ఉన్నాయి. గోడకు బిగించిన కార్ల చార్జర్ ఉంది, గంటకు ఏడు యూనిట్లు ఎక్కిస్తుంది. పైగా ఉచితం అని రిసెప్షన్‌లో బోర్డు. వినగానే సంతోషమే. సాయంత్రం వెళ్ళి చూస్తే అక్కడ బస చేయని వాళ్ళెవరిదో కారు చార్జింగ్ నిండిపోయి కూడా అలాగే పెట్టి ఉంది. రిసెప్షన్‌లో అడిగితే తెలిసినవాళ్ళదే సార్, తీసేస్తారు అన్నారు. రాత్రి పదకొండుకి ఖాళీ అయింది. పెట్టి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే మా ప్లగ్గు తీసి నేల మీద పడేసి ఉంది, ఇంకో కారు ఎక్కుతోంది. మాకు అరవై శాతం దగ్గరే ఆగిపోయింది. ఎవరు తీశారో సెక్యూరిటీకి తెలియదు, ఎందుకంటే దాన్ని చూసుకునే పని ఎవరికీ అప్పగించలేదు. గదికి మార్కులు వేయమంటే బాగానే వేస్తాను, చార్జింగ్‌కి మాత్రం వేయలేను. యూనిట్‌కి పదో పన్నెండో పెట్టి, రిసెప్షన్‌లో ఒక మనిషికి అప్పగిస్తే అదే చార్జర్ పదిమందికి పనికొస్తుంది. డబ్బు కట్టిన మనిషి తన కారు నిండగానే వచ్చి తీస్తాడు.

ఆ లోటు తీర్చుకోవడానికి గుత్తి దాటాక హైవే మీద ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆగాల్సి వచ్చింది. పద్దెనిమిది శాతం జీఎస్టీ కలుపుకుని యూనిట్ ఇరవై రూపాయలు దాటింది. గండికోట దగ్గర కట్టినదానికి దాదాపు రెట్టింపు. అయినా ముప్పావుగంటలో పని అయిపోతుంది కాబట్టి హైవే మీద ఆ రేటు నాకు అన్యాయం అనిపించలేదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఎనభై శాతం దాటాక బ్యాటరీ నెమ్మదిగా తీసుకుంటుంది. వెనక బండి ఎదురుచూస్తుంటే అక్కడే తీసేసి దారి ఇవ్వండి. మా వెనక ఉన్న పెద్దాయన ఇంట్లో ముసలావిడతో కర్నూలు ఆసుపత్రికి వెళ్తున్నారు. మేం డెబ్బైదగ్గరే తీసేశాం, కర్నూలుకి అది చాలు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసుకునే ముందు ఫోన్లో "చార్జింగ్ ఉందా" అని ఊరుకోకండి, అందరూ ఉందనే అంటారు. కారు పెట్టే చోటికి పదిహేను ఆంప్స్ ప్లగ్గు అందుతుందా, దానికి ఎర్తింగ్ సరిగా ఉందా అని అడగండి. ఎర్తింగ్ లేకపోతే కారుతో వచ్చే చార్జర్ ఎర్ర లైటు వెలిగించి అసలు మొదలే కాదు. జనరేటర్ మీద కూడా ఆ లైను నడుస్తుందా, ఆ రాత్రికి ఇంకో ఎలక్ట్రిక్ కారు వస్తోందా అన్నది కూడా తెలుసుకోండి. డబ్బు యూనిట్ లెక్కనా, రాత్రి లెక్కనా అన్నది గది రేటుతో పాటే మాట్లాడేసుకోండి. లైను మీద మీటరు లేదంటే ఏ ప్లగ్గుకైనా తగిలించే చిన్న మీటర్లు దొరుకుతాయి, పదహారు ఆంప్స్ తట్టుకునేది చూసి కొనుక్కుని డిక్కీలో పడేసుకుంటే సరి. మేం ఇంటికి రాగానే ఒకటి ఆర్డర్ పెట్టాం.